నీడ తోటలలో శీతాకాలపు సుగంధ పొద: సార్కోకోకా సాగు – నీడ స్వభావాన్ని గుర్తించే పద్ధతి

ప్రస్తావన

అలంకరణ మొక్కల పెంపకంలో నీడ పడే స్థలాన్ని ఒక లోపంగా పరిగణించడం సర్వసాధారణం. ఇంటికి ఉత్తరపు వైపు, ఎత్తైన గోడల మొదళ్ళలో, పెద్ద చెట్ల కింద నాటిన మొక్కలు ఒకటి రెండేళ్ళలో క్షీణించిపోతే, అందుకు వెలుతురు చాలకపోవడమే కారణమని తోట యజమాని నిర్ణయించుకుంటాడు. చాలా సందర్భాలలో ఆ నిర్ణయం సగమే నిజం. నీడను తట్టుకునే మొక్కలు కూడా అటువంటి చోట్ల చనిపోవడానికి తరచుగా నీటి కొరత కారణమవుతుంది. చెట్టు కొమ్మలు వానను అడ్డుకుంటాయి. చెట్టు వేళ్ళు నేలలోని తేమను ముందుగా పీల్చుకుంటాయి. ఈ సంగతిని గుర్తించకుండా ఇచ్చే సలహా మొక్క ధరతో పాటు సలహా ఇచ్చినవారిపై నమ్మకాన్ని కూడా పోగొడుతుంది.

ఈ అంశాన్ని అధ్యయనం చేయడానికి సార్కోకోకా తగిన ఉదాహరణ. ఇది సమశీతోష్ణ మండలపు సతత హరిత పొద. బ్రిటన్ తోటలలో డిసెంబరు నుంచి మార్చి వరకు, ఇతర పొదలు చాలావరకు మోడువారి ఉన్న కాలంలో, తేనెను పోలిన పరిమళంతో పూస్తుంది. దట్టమైన నీడలో సైతం పూయగలగడం దీని ప్రత్యేకత. అక్కడి వాడుకలో దీనిని స్వీట్ బాక్స్ అనీ, క్రిస్మస్ బాక్స్ అనీ పిలుస్తారు. ఈ మొక్క లక్షణాలు, నాటే విధానం, యాజమాన్యం, సస్యరక్షణలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడినాయి.

వృక్షశాస్త్ర పరిచయం

సార్కోకోకా బక్సేసీ కుటుంబానికి చెందిన ప్రజాతి. దీనిని 1826లో జాన్ లిండ్లీ వర్ణించాడు. గ్రీకు భాషలో కండ, కాయ అనే అర్థాలు గల రెండు పదాల కలయికతో ఈ పేరు ఏర్పడింది. కండగల చిన్న కాయలు ఈ ప్రజాతి లక్షణం కనుక పేరు సార్థకమే. హిమాలయాల నుంచి చైనా వరకు, ఆగ్నేయాసియాలోని కొండ ప్రాంతాలలో దీని జాతులు సహజంగా పెరుగుతాయి. దక్షిణ భారతంలో నీలగిరుల షోలా అడవులలో కూడా ఈ ప్రజాతి మొక్కలు కనిపిస్తాయి. సహజ ఆవాసాలలో ఇవి ప్రధానంగా అడవి నేలపై, పెద్ద చెట్ల నీడలో పెరిగే పొదలు.

ఆకులు దళసరిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చ రంగులో మెరుస్తూ ఉంటాయి. పూలు పత్ర గ్రీవాలలో చిన్న గుత్తులుగా వస్తాయి. పుష్పాలు ఏకలింగకాలు, అయితే ఒకే గుత్తిలో పై భాగాన పురుష పుష్పాలు, అడుగు భాగాన స్త్రీ పుష్పాలు ఉంటాయి. పూలకు ఆకర్షణ పత్రాలు లేవు. దూరం నుంచి తెల్లని కుచ్చులవలె కనిపించేవి పురుష పుష్పాల కేసరాలు మాత్రమే. పూవు కంటికి ఆనకపోయినా పరిమళం కొన్ని అడుగుల దూరం వరకు వ్యాపిస్తుంది. కాయ పక్వానికి రావడానికి చాలా నెలలు పడుతుంది. అందువలన కన్ఫ్యూసా వంటి జాతులలో కిందటి ఏటి నల్లని కాయలు, ఈ ఏటి పూలు ఒకే కొమ్మపై కలిసి కనిపించడం పరిపాటి.

తోటలలో ప్రాధాన్యమున్న జాతులు

సార్కోకోకా కన్ఫ్యూసా: గుబురుగా పెరిగి, చాలా ఏళ్ళకు సుమారు 1.5 నుంచి 2 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కాయలు నల్లనివి. బ్రిటన్ తోటలలో ఇది దీర్ఘకాలంగా సాగులో ఉన్నప్పటికీ రస్కిఫోలియాగా పొరబడుతూ వచ్చారు. 1986లో సీలీ దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించినప్పుడు ఆ గందరగోళమే దీని పేరయింది.

సార్కోకోకా రస్కిఫోలియా: ఆకులు కొంత వెడల్పుగా, కొనదేరి ఉంటాయి. కాయలు ముదురు ఎరుపు రంగులోకి మారుతాయి. దీనిని 1901లో ఎర్నెస్ట్ హెన్రీ విల్సన్ చైనా నుంచి బ్రిటన్‌కు పరిచయం చేశాడు. కన్ఫ్యూసా నుంచి దీనిని వేరుచేసి గుర్తించడానికి కాయ రంగు తేలికైన ఆధారం.

సార్కోకోకా హూకెరియానా: హిమాలయ ప్రాంతపు జాతి. దీనిలో రెండు రకాలు తోటలకు ముఖ్యమైనవి. డిగైనా రకం ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి. లేత కొమ్మలు తరచుగా ఊదా ఛాయ దేరుతాయి. పూవులో రెండు కీలాగ్రాలు ఉండడం వలన దీనికి ఆ పేరు వచ్చింది. హ్యుమిలిస్ రకం సుమారు అర మీటరు ఎత్తుకు మించక, భూగర్భ కాండాల ద్వారా పిలకలు వేస్తూ నేలను కప్పుతుంది.

సార్కోకోకా సాలిగ్నా: పశ్చిమ హిమాలయాలలో విరివిగా పెరిగే జాతి. పూలు ఆకుపచ్చ ఛాయతో ఉంటాయి; సువాసన చాలా స్వల్పం. పరిమళం కోసం నాటదలచినవారికి ఈ జాతి ఆశాభంగం కలిగిస్తుంది. కనుక ప్రజాతి పేరు మాత్రమే చూసి మొక్కను ఎంపిక చేయరాదు.

నీడలో, చలిలో పూయడానికి కారణాలు

ఆకురాల్చే చెట్ల కింద నేలకు చేరే వెలుతురు ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. వేసవిలో చెట్ల ఆకులు దట్టంగా కమ్ముకొన్నప్పుడు పొదకు వెలుతురు అతి తక్కువగా అందుతుంది. శరదృతువు చివర ఆకులు రాలిన తరువాత, వసంతంలో కొత్త చిగుళ్ళు వచ్చే వరకు, కొమ్మల సందుల నుంచి వెలుతురు నేరుగా నేలను చేరుతుంది. ఆ కాలంలో ఆకులు నిలుపుకొన్న పొద, చలి తీవ్రత తగ్గిన రోజులలో కిరణజన్య సంయోగక్రియ సాగించగలుగుతుంది. ఒకసారి నిర్మించిన ఆకును పలు రుతువుల పాటు వినియోగించుకోవడం వలన, వెలుతురు కొరవడిన చోట కూడా ఆకు నిర్మాణానికి పెట్టిన వ్యయం తిరిగి లభిస్తుంది. నీడకు అలవాటుపడిన ఆకులలో శ్వాసక్రియకు ఖర్చయ్యే ఆహారం తక్కువ కనుక స్వల్పమైన వెలుతురులోనే అవి మిగులు సాధించగలవు.

పూత విషయంలోనూ ఇటువంటి సర్దుబాటే ఉన్నది. శీతాకాలంలో పరాగ సంపర్కానికి వచ్చే కీటకాలు తక్కువ. అదే సమయంలో వాటికోసం పోటీపడే పూలు కూడా తక్కువే. పూత వారాల తరబడి కొనసాగడం వలన ఎండ కాసిన కొద్దిపాటి రోజులలో బయటికి వచ్చే తేనెటీగలు, తొలి బంబుల్ ఈగలు దానిని చేరే అవకాశం ఉంటుంది. మసక వెలుతురులో రంగుకంటే వాసన దూరం నుంచి ఆహ్వానం పలుకుతుంది. పూమొగ్గలు అంతకు ముందటి పెరుగుదల కాలంలోనే పత్ర గ్రీవాలలో ఏర్పడతాయి. కత్తిరింపు సమయాన్ని నిర్ణయించేటప్పుడు ఈ విషయం కీలకమవుతుంది.

నీడను వర్గీకరించే పద్ధతి

స్థలాన్ని పరిశీలించేటప్పుడు వెలుతురును, తేమను విడివిడిగా అంచనా వేయాలి. ఆ ప్రకారం నీడను మూడు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది భవనాల నీడ. ఉత్తరార్ధ గోళంలో ఉత్తరాభిముఖమైన గోడ పక్కన శీతాకాలంలో సూర్యరశ్మి నేరుగా పడదు. ఆకాశపు వెలుతురు మాత్రం అందుతుంది. ఇక్కడ పోటీపడే వేళ్ళు లేవు. అయితే గోడ మొదలుకు ఆనుకొని ఉన్న నేలపై వాన సరిగా పడదు. మొక్కను గోడకు కనీసం 45 సెంటీమీటర్ల దూరంలో నాటితే ఈ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది.

రెండవది తేమ గల చెట్ల నీడ. లోతైన నేలలో, పలుచని కొమ్మల కింద, ఆకుల కుళ్ళు పేరుకొన్న చోట ఇది కనిపిస్తుంది. సార్కోకోకా సహజ ఆవాసానికి ఇదే దగ్గర. ఇక్కడ ప్రత్యేక శ్రద్ధ లేకున్నా మొక్క నిలదొక్కుకుంటుంది.

మూడవది పొడి నీడ. బీచ్ వంటి పైపై వేళ్ళు గల పెద్ద చెట్ల కింద, సతత హరిత శంఖాకార వృక్షాల కింద నేల వేసవిలోనే కాక, వానలు పడిన తరువాత కూడా పొడిగానే ఉంటుంది. నాటిన మొక్కలు అధికంగా చనిపోయేది ఈ స్థలాలలోనే. స్థిరపడిన సార్కోకోకా పొడి నీడను బాగా తట్టుకుంటుందన్నది వాస్తవం. స్థిరపడడానికి ముందు తట్టుకోలేదన్నది కూడా అంతే వాస్తవం. నర్సరీ చీటీలపై సాధారణంగా మొదటి వాక్యమే ఉంటుంది. రెండవ వాక్యాన్ని చేర్చవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తది.

ఈ మూడింటిని వేరు చేయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మంచి వాన కురిసిన మరునాడు 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు తవ్వి మట్టిని చేతిలోకి తీసుకొని నలిపి చూడాలి. పైన తడి, కింద పొడి ఉంటే అది పొడి నీడ. తవ్వినచోట సన్నని పీచు వేళ్ళు చాపవలె అల్లుకొని ఉంటే వేళ్ళ పోటీ తీవ్రంగా ఉన్నట్లు గ్రహించాలి. వెలుతురును జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పరిశీలిస్తే ఆకురాల్చే చెట్టు నీడకూ, శాశ్వతమైన నీడకూ గల భేదం తెలుస్తుంది.

నేల, నాటే విధానం

హ్యూమస్ పుష్కలంగా ఉండి, తేమను నిలుపుకొంటూనే మురుగు నిలవని నేలలు అనుకూలం. సున్నపు పాలు గల క్షార నేలలను కూడా ఈ మొక్క సహిస్తుంది. నీరు నిలిచే నేలలో వేళ్ళు కుళ్ళుతాయి. నేరుగా ఎండ తగిలే, త్వరగా ఆరిపోయే స్థలంలో ఆకులు పచ్చదనం కోల్పోయి పాలిపోతాయి.

బ్రిటన్ వంటి వాతావరణంలో నాటడానికి శరదృతువు మేలైన కాలం. నేలలో వెచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది, వానలు మొదలవుతాయి, ఆకురాల్చే చెట్లు నీటిని పీల్చుకోవడం తగ్గుతుంది. మరుసటి వేసవిలోగా కొత్త వేళ్ళు సాగడానికి మొక్కకు వ్యవధి లభిస్తుంది. వసంతంలోనూ నాటవచ్చు, అయితే ఆ ఏటి వేసవిలో నీటి తడులు తప్పనిసరి.

చెట్ల కింద నాటేటప్పుడు పెద్ద మొక్కలకంటే చిన్న కుండీలలోని చిన్న మొక్కలే శ్రేయస్కరం. పెద్ద మొక్కకు పెద్ద గుంత కావాలి. పెద్ద గుంత తవ్వితే చెట్టు వేళ్ళు తెగుతాయి. లావాటి వేళ్ళ మధ్య ఖాళీలను వెదకి, కుండీ పరిమాణానికి కొద్దిగా మించిన గుంతలు తీసి, తవ్విన మట్టిలో ఆకు ఎరువు కలిపి నాటాలి. చెట్టు మొదలు చుట్టూ కొత్త మట్టిని ఎత్తుగా పోయరాదు. దానివలన చెట్టు వేళ్ళకు గాలి అందక చెట్టుకే హాని కలుగుతుంది. కుండీలో ఉన్న లోతులోనే మొక్కను నిలపాలి.

నేలను కప్పడానికి హ్యుమిలిస్ రకాన్ని 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎడంలో, విడి పొదగా కన్ఫ్యూసాను సుమారు ఒక మీటరు ఎడంలో నాటవచ్చు. పెరుగుదల మందకొడిగా ఉంటుంది కనుక మొదటి రెండు మూడేళ్ళు ఖాళీలు కనిపించడం సహజం. పరిమళం ప్రయోజనం పొందాలంటే గాలి వేగం తక్కువగా ఉండే వాకిలి పక్కన, నడకదారి మలుపులో, తెరిచే కిటికీ కింద స్థలం ఎంపిక చేయాలి. తోట చివర నాటిన పొద శీతాకాలంలో ఎంత బాగా పూసినా దాని దగ్గరికి వెళ్ళేవారు ఉండరు.

నీటి యాజమాన్యం, పోషకాలు

నాటిన తరువాత వచ్చే మొదటి రెండు వేసవులు మొక్క భవిష్యత్తును నిర్ణయిస్తాయి. వాన లేని వారాలలో ఒక్కొక్క మొక్కకు వారానికి సుమారు 10 లీటర్ల నీటిని ఒకేసారి నిదానంగా ఇంకేటట్లు పోయాలి. రోజూ కొద్దికొద్దిగా చల్లే నీరు పై పొరలోని చెట్టు వేళ్ళకే చేరుతుంది. పొద వేళ్ళు కిందికి సాగవు. వాన పడినంత మాత్రాన తడి అందినట్లు భావించరాదు. కొమ్మల కింద నేలను తవ్వి చూసిన తరువాతనే తడి ఆపాలి. మూడవ ఏడు నుంచి దీర్ఘకాలపు బెట్ట పరిస్థితులలో మాత్రమే నీరు అవసరమవుతుంది.

శీతాకాలం చివర 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన ఆకు ఎరువును మొక్క చుట్టూ పరచాలి, కాండానికి తగలనీయరాదు. రాలిన చెట్ల ఆకులను ఊడ్చివేయక అక్కడే కుళ్ళనివ్వడం నేలకు మేలు. ఎరువుల అవసరం స్వల్పం. నిస్సారమైన నేలలలోను, కుండీలలోను వసంతంలో నిదానంగా విడుదలయ్యే సమతుల ఎరువును కొద్దిగా వేస్తే చాలును.

కత్తిరింపు

క్రమబద్ధమైన కత్తిరింపు ఈ పొదకు అవసరం లేదు. ఆకారం సరిచేయదలచినప్పుడు పూత ముగిసిన వెంటనే, వసంతంలో, కత్తిరించాలి. వేసవి చివరగానీ శరదృతువులోగానీ కత్తిరిస్తే అప్పటికే ఏర్పడిన మొగ్గలు పోయి ఆ శీతాకాలపు పూత తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నా పూయడం లేదన్న సందర్భాలలో ముందుగా అడగవలసిన ప్రశ్న కత్తిరింపు ఏ నెలలో జరిగిందన్నదే. ముదిరిన పొదలలో పాత కొమ్మలను కొన్నింటిని ఏటా మొదలంటా తీసివేస్తూ క్రమంగా పునరుద్ధరించవచ్చు.

ప్రవర్ధనం

పిలకలు వేసే హ్యుమిలిస్ వంటి రకాలను శీతాకాలం చివరగానీ వసంతారంభంలోగానీ వేళ్ళతో కూడిన పిలకలను వేరుచేసి నాటడం అతి తేలిక. కన్ఫ్యూసా వంటి వాటిని వేసవి చివర సగం ముదిరిన కొమ్మ ముక్కల ద్వారా ప్రవర్ధనం చేయాలి. 8 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలను కణుపు కింద కోసి, అడుగు ఆకులు తొలగించి, కొబ్బరి పొట్టు, పెర్లైట్ మిశ్రమంలో గుచ్చి, తేమ గల నీడలో ఉంచాలి. వేళ్ళూనడం నిదానంగా జరుగుతుంది కనుక కదిలించరాదు.

విత్తనాల ద్వారా పెంచదలచినప్పుడు పండిన కాయల కండను తొలగించి వెంటనే విత్తి, కుండీలను శీతాకాలపు చలికి ఆరుబయట ఉంచాలి. విత్తన మొక్కలు తల్లిని పూర్తిగా పోలకపోవచ్చు. పూతకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. కాయలు తినదగినవి కావు. ఈ ప్రజాతి మొక్కలలో స్టెరాయిడ్ ఆల్కలాయిడ్లు ఉన్నందున పసిపిల్లలు మసలే చోట్ల జాగ్రత్త అవసరం.

సస్యరక్షణ: బాక్స్ ఎండు తెగులు

సార్కోకోకాకు చీడపీడలు తక్కువ. అయితే ఒక తెగులు విషయంలో ఉపేక్ష తగదు. బక్సస్ ప్రజాతికి చెందిన బాక్స్ మొక్కల కంచెలను కలోనెక్ట్రియా సూడోనావిక్యులేటా అనే శిలీంధ్రం ఎండు తెగులుతో నాశనం చేస్తున్నది. 1990వ దశకం మధ్యలో బ్రిటన్‌లో గుర్తించిన ఈ తెగులు 2011లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బయటపడింది. బాక్స్ కంచెలు పోగొట్టుకొన్నవారు ప్రత్యామ్నాయంగా నీడలో పెరిగే సతత హరిత పొదలను వెదకడం, ఆ వరుసలో సార్కోకోకాను ఎంచుకోవడం సహజమే. కాని సార్కోకోకా అదే బక్సేసీ కుటుంబపు మొక్క. ఆ శిలీంధ్రం దీనికి కూడా సోకుతుంది. తెగులుతో బాక్స్ చనిపోయిన నేలలోనే, రాలిన ఆకులు తొలగించకుండా సార్కోకోకాను నాటమని చెప్పే సలహా తెగులుకు మరొక ఆశ్రయం కల్పిస్తుంది.

ఆకులపై గోధుమ లేదా నల్లని మచ్చలు, లేత కాండంపై నల్లని చారలు, ఆకులు రాలడం ప్రధాన లక్షణాలు. తడి ఆకులపై సిద్ధబీజాలు మొలకెత్తుతాయి. నీటి తుంపరలు, కత్తెరలు, దుస్తులు, మొక్కల రవాణా ద్వారా వ్యాపిస్తాయి. రాలిన ఆకులలో శిలీంధ్రం కొన్నేళ్ళపాటు జీవించి ఉండగలదు. కనుక కొత్త మొక్కలను తోటలో నాటడానికి ముందు కొన్ని వారాలు విడిగా ఉంచి పరిశీలించాలి. శిలీంధ్రనాశనులు లక్షణాలను తాత్కాలికంగా మరుగుపరచగలవు కాబట్టి పైకి ఆరోగ్యంగా కనిపించడమొక్కటే ప్రమాణం కాదు. నీటిని ఆకులపై కాక మొదట్లో పోయాలి. కత్తెరలను ఒక పొద నుంచి మరొక పొదకు మారేటప్పుడు శుద్ధి చేయాలి. తెగులు సోకిన కొమ్మలను, రాలిన ఆకులను ఏరి తోట నుంచి తొలగించాలి. కంపోస్టు గుంతలో వేయరాదు.

లక్షణాల ఆధారంగా సమస్యల గుర్తింపు

ఆకులన్నీ సమానంగా పాలిపోయి, మొక్క ఎండ తగిలే చోట ఉంటే వెలుతురు అధికమైనట్లు భావించి నీడలోకి మార్చాలి. ఆకులు పసుపుబారుతూ నేల ఎప్పుడూ తడిగా ఉంటే మురుగు సమస్య. వేళ్ళు గోధుమ రంగులో మెత్తబడి ఉన్నాయేమో చూడాలి. ఆకులు మెరుపు కోల్పోయి, వాలిపోయి, అంచులు ఎండుతూ, తవ్విన మట్టి పొడిగా ఉంటే నీటి ఎద్దడి. మచ్చలు, చారలు, ఆకు రాలుడు కలిసి కనిపిస్తే తెగులును అనుమానించి నమూనాను రోగ నిర్ధారణ ప్రయోగశాలకు పంపాలి. మొక్క పచ్చగా ఉండి పూత మాత్రమే లేకపోతే కత్తిరింపు కాలాన్ని విచారించాలి. ఈ అయిదు సందర్భాలలో వెలుతురు తక్కువ కావడం ఒక్కదానిలోనూ కారణం కాకపోవడం గమనార్హం.

అనుకూలత పరిమితులు

కన్ఫ్యూసా, హూకెరియానా జాతులు సుమారు −10 నుంచి −15 డిగ్రీల సెల్సియస్ వరకు చలిని తట్టుకుంటాయి. అయితే చలిని తట్టుకునే శక్తి వేసవి తాపాన్ని తట్టుకునే శక్తికి హామీ కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదానాలకు ఈ సమశీతోష్ణ జాతులను సిఫార్సు చేయడం సమంజసం కాదు. నీడ అనే ఒక్క అంశంలో పోలిక ఉన్నంత మాత్రాన మొక్కను ఒక వాతావరణం నుంచి మరొక వాతావరణానికి తరలించరాదు. బ్రిటన్‌లోను, అమెరికాలోని చలి ప్రాంతాలలోను స్థిరపడి, ఇంటి ఉత్తరపు వైపు ఏమి నాటాలని అడిగే తెలుగువారికి మాత్రం ఈ పొద సరైన సమాధానం కాగలదు.

తెలుగు ప్రాంతాలకు నేరుగా ఉపకరించేది స్థల పరిశీలన పద్ధతి. మామిడి, వేప, చింత చెట్ల కింద నాటిన అలంకరణ మొక్కలు చనిపోయినప్పుడు కూడా వాన పడిన మరునాడు నేలను తవ్వి చూడడం, పీచు వేళ్ళ సాంద్రతను గమనించడం, చిన్న మొక్కలను ఎంచుకోవడం, నాటిన తొలి రెండేళ్ళు లోతుగా నీరివ్వడం అనే సూత్రాలు అదే విధంగా వర్తిస్తాయి.

ముగింపు

సార్కోకోకా సాగులో కష్టమైన పనులు లేవు. క్రమం తప్పకూడని పనులు మాత్రం ఉన్నాయి. ముందు నీడ రకాన్ని నిర్ధారించాలి. తరువాత సువాసన గల జాతిని, స్థలానికి తగిన ఎత్తును ఎంచుకోవాలి. తెగులు లేని చిన్న మొక్కలను శరదృతువులో నాటాలి. రెండు వేసవులు నీరందించాలి. పూత ముగిసిన తరువాతనే కత్తెర పట్టాలి. నీడను తట్టుకునే మొక్క అని సిఫార్సు చేసే ప్రతి సందర్భంలోనూ, స్థిరపడే వరకు నీరు కావాలన్న షరతును కూడా అదే చీటీపై రాసి ఇవ్వడం విస్తరణ సిబ్బంది పాటించవలసిన కనీస నియమం.